నియోజకవర్గ చరిత్ర పట్టికలో గీతలు ఎక్కడ గీయాలి

సంపాదకులకు,

ఎన్నికలు దగ్గరపడితే ప్రతి తెలుగు పత్రికా జిల్లా పేజీల్లో నియోజకవర్గాల చరిత్ర పట్టికలు వేస్తుంది. సంవత్సరం, గెలిచినవారి పేరు, పార్టీ, సమీప ప్రత్యర్థి, మెజారిటీ: ఈ ఐదు గడులు 1952 నుంచి 2024 దాకా ఏకధాటిగా దిగిపోతాయి. పాఠకులు వాటిని కత్తిరించి దాచుకుంటారు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు బట్టీ పడతారు, టికెట్ అడిగేవాళ్లు పార్టీ పెద్దల ముందు అవే పెట్టి వాదిస్తారు. ఇంతమంది నమ్మే పట్టికల్లో ఏళ్ల తరబడి అవే తప్పులు అచ్చవుతున్నాయి. పేర్లలో అచ్చుతప్పుల సంగతి కాదు చెప్పేది. పేరు ఒకటే ఉన్నంత మాత్రాన నియోజకవర్గమూ ఒకటే అనుకోవడం అసలు తప్పు. మిగతావి చాలావరకు దాని వెంట వచ్చేవే.

గుంటూరు జిల్లా మంగళగిరినే తీసుకుందాం. గత మూడు ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం కన్నేసిన స్థానం కాబట్టి అంకెలు చాలామందికి గుర్తుంటాయి. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ఆళ్ల రామకృష్ణారెడ్డికి 88,977 ఓట్లు, తెలుగుదేశం అభ్యర్థి గంజి చిరంజీవికి 88,965 ఓట్లు వచ్చాయి. తేడా 12. 2019లో ఆళ్లకు 1,08,464, నారా లోకేష్‌కు 1,03,127. తేడా 5,337. 2024లో లోకేష్‌కు 1,67,710, మురుగుడు లావణ్యకు 76,297. తేడా 91,413. ఈ మూడు మెజారిటీలను ఒకదాని కింద ఒకటి పేర్చి ‘12 నుంచి 91 వేలకు’ అని శీర్షిక పెట్టడం తేలిక. కానీ మొదటి ఇద్దరికీ కలిపి పడిన ఓట్లు చూడండి: 2014లో 1,77,942, 2019లో 2,11,591, 2024లో 2,44,007. పదేళ్లలో 66,065 ఓట్లు పెరిగాయి. అందుకే మెజారిటీని ఓట్లలోనే కాక శాతంలోనూ ఇవ్వాలి. మొదటి ఇద్దరి ఓట్ల మీద లెక్కగడితే 2014లో తేడా నూటికి ఒక వంతు కాదు, అందులో నూరో వంతు కూడా లేదు. 2019లో రెండున్నర శాతం, 2024లో ముప్పై ఏడున్నర శాతం. లోకేష్ వాటా రెండు ఎన్నికల మధ్య 48.7 నుంచి 68.7కు, అంటే ఇరవై పాయింట్లు పెరిగింది. ఎంతమంది మొగ్గు మార్చారో చెప్పేది ఈ ఇరవై పాయింట్లే. ‘91 వేలు’ ఆ పని చేయలేదు, ఎందుకంటే దానిలో పెరిగిన ఓటర్ల సంఖ్య కూడా కలిసి ఉంది. రాజధాని గ్రామాల్లో కొన్ని ఇక్కడి మంగళగిరి, తాడేపల్లి మండలాల్లోనే ఉన్నాయి. 2021లో ఈ రెండు పట్టణాలనూ కలిపి నగరపాలక సంస్థ చేశారు. ఇంత వేగంగా మారిన ప్రాంతంలో పదేళ్ల కిందటి ఓటుతో ఇవాళ్టి ఓటును ముడి అంకెల్లో పోల్చకూడదు.

ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. ‘1985 తర్వాత 39 ఏళ్లకు తెలుగుదేశం మంగళగిరిలో గెలిచింది’ అని 2024లో దాదాపు అందరూ రాశారు. 1983, 1985లలో ఎం.ఎస్.ఎస్. కోటేశ్వరరావు తెలుగుదేశం తరఫున గెలిచారు, ఆ తర్వాత 2024 దాకా ఆ పార్టీ గుర్తు మీద ఎవరూ గెలవలేదు. వాక్యం నిజమే, కానీ అది మిగిల్చే అభిప్రాయం తప్పు. 1994లో ఇక్కడ గెలిచింది సీపీఎం అభ్యర్థి నిమ్మగడ్డ రామమోహనరావు. ఆ ఏడాది వామపక్షాలు తెలుగుదేశంతో పొత్తులో ఉన్నాయి, మంగళగిరి పొత్తులో సీపీఎం వాటాకు వెళ్లింది. తెలుగుదేశం ఓడింది అనడానికి అసలు బరిలో ఉంటే కదా. పట్టికలో 1994 ఎదురుగా ‘సీపీఎం’ అని మాత్రమే ఉంటే, ఆ ఏడాది రాష్ట్రమంతా వీచిన గాలికి ఈ ఊరు ఎదురు నిలిచిందని పాఠకుడు అనుకుంటాడు. జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. పార్టీ గడి పక్కన పొత్తు గడి ఒకటి ఉండాలి. దానిలో ‘తెదేపా పొత్తు’ అన్న రెండు మాటలు చాలు. అలాగే ఒక పార్టీ పోటీ చేయని ఏడాదిని ఆ పార్టీ ఓడిన ఏడాదితో కలిపి లెక్కపెట్టకూడదు. ‘పోటీ చేయలేదు’ అన్నది వేరే సమాచారం, దాన్ని అలాగే వేయాలి.

ఇక హద్దుల సంగతి. 1989లో కాంగ్రెస్ అభ్యర్థి గోలి వీరాంజనేయులు, 1999, 2004లలో అదే పార్టీ నుంచి మురుగుడు హనుమంతరావు, 2009లో కాండ్రు కమల గెలిచిన మంగళగిరి పట్టికలో ఒకే వరుస. కానీ 2004కూ 2009కీ మధ్య ఒక గోడ ఉంది. 2002 నాటి చట్టం కింద జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన పునర్విభజన కమిషన్ (జనాభా లెక్కను బట్టి నియోజకవర్గాల హద్దులు తిరిగి గీసే సంస్థ) ఉత్తర్వు మన రాష్ట్రంలో 2009 ఎన్నికలతో అమలులోకి వచ్చింది. గుంటూరు జిల్లాకు అప్పటిదాకా ఉన్న 19 స్థానాలు 17 అయ్యాయి. దుగ్గిరాల, కూచినపూడి నియోజకవర్గాలు రద్దయ్యాయి. దుగ్గిరాల మండలం వచ్చి మంగళగిరిలో కలిసింది. ఇవాళ్టి మంగళగిరి అంటే మంగళగిరి, తాడేపల్లి, దుగ్గిరాల మండలాలు. పసుపు యార్డు ఉన్న దుగ్గిరాల 2004లో ఎవరికి ఓటేసిందో తెలియాలంటే రద్దయిన దుగ్గిరాల నియోజకవర్గం ఫలితాల్లో వెతకాలి, మంగళగిరి పట్టికలో అది దొరకదు. ‘చేనేత కార్మికుల ఓట్లు ఎప్పుడూ ఇక్కడ నిర్ణాయకం’ లాంటి మాటలు రాసేటప్పుడు, 2009లో ఒక వ్యవసాయ మండలం మొత్తం వచ్చి చేరాక వాళ్ల వాటా అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే ఉండదన్న లెక్క చూసుకోవాలి.

గుంటూరు నగరంలో గుంటూరు-1, గుంటూరు-2 పేర్లు పోయి తూర్పు, పశ్చిమ వచ్చాయి. ఆ పాత స్థానాల ఫలితాలను కొత్త పేర్ల కింద నేరుగా అతికించేస్తున్నారు. వార్డులు అటూ ఇటూ మారాయి కాబట్టి అది కుదరదు. విజయవాడ సెంట్రల్‌కు 2009కి ముందు చరిత్రే లేదు. అక్కడ 2019లో మల్లాది విష్ణు 25 ఓట్లతో గెలిచిన సంగతి అందరికీ గుర్తుంది. దానికి 1952 నుంచి చరిత్ర రాయబోతే అది వేరే నియోజకవర్గం చరిత్ర అవుతుంది. వేమూరు, గుంటూరు జిల్లా ప్రత్తిపాడు 2009లో ఎస్సీలకు రిజర్వు అయ్యాయి. రిజర్వేషన్ మారితే పోటీ చేయగలవాళ్ల జాబితానే మారిపోతుంది. అది కూడా పట్టికలో ఒక గీత గీయాల్సిన చోటే.

ఈ గీతలు ఎక్కడెక్కడ పడాలో చెప్పడం కష్టం కాదు. పునర్విభజన కమిషన్లు 1952, 1962, 1972, 2002 చట్టాల కింద ఏర్పడ్డాయి. అవి ఆధారపడినవి వరుసగా 1951, 1961, 1971, 2001 జనగణనలు. అసెంబ్లీ స్థానాల సంఖ్య చూసినా మార్పు కనబడుతుంది. 1955లో ఆంధ్ర రాష్ట్రానికి 196, 1962లో ఆంధ్రప్రదేశ్‌కు 300, 1967లో 287, 1978లో 294. 2009లో మొత్తం 294గానే ఉన్నా లోపల జిల్లాల వాటాలు మారాయి. ఇక్కడే చాలామంది తడబడతారు. సంఖ్య మారలేదు కాబట్టి 2009లో పెద్దగా ఏమీ జరగలేదనుకుంటారు. నిజానికి హైదరాబాద్ చుట్టుపక్కల శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి, ఎల్బీనగర్, కుత్బుల్లాపూర్, ఉప్పల్ లాంటివి కొత్తగా పుట్టింది అప్పుడే. వాటికి స్థానాలు రావాలంటే పల్లె జిల్లాల్లో పోవాలి. నేరెళ్ల, బుగ్గారం, రామన్నపేట, సుజాతనగర్, మార్టూరు, కంభం, గోరంట్ల, నల్లమాడ, లక్కిరెడ్డిపల్లె, వాయల్పాడు, ఉయ్యూరు, కంకిపాడు, ముదినేపల్లి, అత్తిలి, కడియం, బూరుగుపూడి, ఇలా ఎన్నో పేర్లు శాసనసభ జాబితా నుంచి చెరిగిపోయాయి. వీటి చరిత్ర ఇప్పుడు ఏ పత్రికా వేయదు, ఎందుకంటే అవి ఇప్పుడు లేవు. ఆ ఊళ్లు మాత్రం ఉన్నాయి, ఆ ఓటర్లూ ఉన్నారు. వాళ్ల ముప్పై నలభై ఏళ్ల ఓటు చరిత్ర ఎక్కడా అచ్చు కాకుండా పోతోంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

హద్దుల లెక్క చేసేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. 1976 నాటి పునర్విభజన ఉత్తర్వు తాలూకాలు, ఫిర్కాల (తాలూకాలో కొన్ని ఊళ్లను కలిపిన రెవెన్యూ విభాగాల) పేర్లతో ఉంటుంది. 1985 మే నెలలో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2008 ఉత్తర్వు మండలాల భాషలో ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ‘మంగళగిరి ఫిర్కా’ అన్నదీ ‘మంగళగిరి మండలం’ అన్నదీ ఒకటే అనిపిస్తుంది. కాకపోవచ్చు. ఫిర్కా పేరూ మండలం పేరూ కలిసిన చోట కూడా ఊళ్ల జాబితా తేడాగా ఉండొచ్చు. కాబట్టి గ్రామాన్ని పట్టుకోవాలి. రెవెన్యూ గ్రామం పేరు ఎడమ గడిలో రాసి, దాని ఎదురుగా 1976 ఉత్తర్వులో ఏ నియోజకవర్గం, 2008 ఉత్తర్వులో ఏ నియోజకవర్గం అని రెండు గడులు నింపాలి. ఫిర్కాలో ఏ ఊళ్లు ఉన్నాయో 1971 జనగణన జిల్లా పుస్తకంలో వెతకాలి, మండలంలో ఏవి ఉన్నాయో తర్వాతి జనగణన పుస్తకాల్లో దొరుకుతుంది. చాలా నియోజకవర్గాలకు ఇది ఇద్దరు మనుషులు కూర్చుంటే అయ్యే పని. దాని బదులు నియోజకవర్గం పేరును పట్టుకుని వెనక్కి వెళ్తే మాత్రం 1978 దగ్గర ఒకసారి, 1967 దగ్గర ఇంకోసారి దారి తప్పుతాం.

జిల్లాలు మారినప్పుడు నియోజకవర్గాలు మారవన్న సంగతి కూడా గట్టిగా చెప్పుకోవాలి. 2016లో తెలంగాణలో, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలను విడగొట్టారు. నియోజకవర్గాల హద్దులు మాత్రం 2008 ఉత్తర్వు ప్రకారమే ఉన్నాయి. దీనికి ఒక పెద్ద మినహాయింపు భద్రాచలం. 2014 ఏప్రిల్ 30న అక్కడివాళ్లంతా కలిసి ఓటేసి సీపీఎం అభ్యర్థి సున్నం రాజయ్యను గెలిపించారు. ఆ వెంటనే పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలంలోని మిగతా ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిసి రంపచోడవరం నియోజకవర్గంలోకి వెళ్లాయి. అశ్వారావుపేట నియోజకవర్గంలో ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పోలవరం నియోజకవర్గంలో చేరాయి. 2018లో పొదెం వీరయ్య కాంగ్రెస్ నుంచి గెలిచిన భద్రాచలం, 2023లో తెల్లం వెంకట్రావు బీఆర్ఎస్ నుంచి గెలిచిన భద్రాచలం 2014 నాటి భద్రాచలంలో ఒక భాగం మాత్రమే. ‘కమ్యూనిస్టుల కోట కూలింది’ అని రాసేవాళ్లు, ఆ కోటలోని మండలాలకు మండలాలే పక్క రాష్ట్రానికి వెళ్లిపోయాయన్న సంగతి ముందు రాయాలి. వామపక్షానికి ఎక్కడ ఎన్ని ఓట్లు తగ్గాయో తేల్చాలంటే 2014 ఫలితంలోంచి బదిలీ అయిన ఊళ్ల బూత్‌లను తీసేసి, మిగిలినవాటితోనే 2018ని పోల్చాలి. బూత్‌లవారీ లెక్కలు ఉన్నాయి కాబట్టి అది చేయగలిగిన పనే.

కోస్తా, రాయలసీమ నియోజకవర్గాల పట్టికల్లో తరచుగా కనిపించే ఒక వరుస అసలు జరగని ఎన్నికది. అది 1957. ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం మంత్రివర్గం 1954 చివర పడిపోయింది, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1957లో అసెంబ్లీ ఎన్నికలు తెలంగాణ ప్రాంతంలోని 105 స్థానాలకే జరిపారు. 1955లో గెలిచినవాళ్లు 1962 దాకా కొనసాగారు. కాబట్టి మంగళగిరికి 1952, 1955, 1962 ఉంటాయి. సిద్దిపేటకు 1952, 1957, 1962 ఉంటాయి. గందరగోళానికి కారణం 1957లో లోక్‌సభ ఎన్నికలు మాత్రం రెండు ప్రాంతాల్లోనూ జరగడమే. అలాగే 1952 అసెంబ్లీ అంటే గుంటూరుకు మద్రాసు శాసనసభ, నల్గొండకు హైదరాబాద్ శాసనసభ. ‘ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ, 1952’ అన్న శీర్షిక కింద ఈ రెంటినీ కలపకూడదు.

ఆ రోజుల్లో ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి. 1955లో 196 స్థానాలకు 167 నియోజకవర్గాలే, అంటే 29 చోట్ల ఇద్దరేసి గెలిచేవారు. ఆ రెండు స్థానాల్లో ఒకటి ఎస్సీలకో ఎస్టీలకో రిజర్వుడు. అక్కడ ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. రెండూ ఒకే అభ్యర్థికి వేయడానికి వీల్లేదు. మొత్తం పోలైన ఓట్లను ఓటర్ల సంఖ్యతో భాగించి ‘పోలింగ్ 104 శాతం’ లాంటి అంకెలు తెచ్చేవాళ్లు ఈ విషయం మరిచిపోతారు. మరో సంగతి, రెండో స్థానం జనరల్ అభ్యర్థికే దక్కాలన్న నియమం లేదు. మొదట రిజర్వుడు స్థానానికి ఆ వర్గం వారిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారిని ప్రకటించి, తర్వాత మిగిలిన అందరిలో ఎక్కువ వచ్చినవారిని జనరల్ స్థానానికి ప్రకటించేవారు. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఇద్దరూ గిరిజనులే గెలిచారు: రిజర్వుడు స్థానానికి బిడ్డిక సత్యనారాయణ, జనరల్ స్థానానికి డిప్పల సూరిదొర. ఓడిన వి.వి.గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 1959లో తీర్పు సూరిదొర పక్షానే వచ్చింది. 1961లో చట్టం చేసి ద్విసభ్య స్థానాలను రద్దు చేశారు. పట్టికల్లో అలాంటి చోట ఒకరి పేరే వేసి ఇంకొకరిని వదిలేయడం చూస్తున్నాం. వదిలేసే పేరు చాలాసార్లు దళితుడిదో గిరిజనుడిదో అవుతోంది. ఇది సరిదిద్దక తప్పని విషయం.

పార్టీ గడి దగ్గరా జాగ్రత్త కావాలి. 1952లో తెలంగాణలో పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) అని ఉంటే అది కమ్యూనిస్టుల వేదిక. పార్టీపై నిషేధం వల్ల ఆ పేరుతో నిలబడ్డారు. 1978లో ‘కాంగ్రెస్’ అని ఉంటే ఏ కాంగ్రెస్ అని అడగాలి. ఆ జనవరిలోనే పార్టీ చీలింది. 175 స్థానాలు గెలిచింది ఇందిరా కాంగ్రెస్, 30 గెలిచింది రెడ్డి కాంగ్రెస్ (కాసు బ్రహ్మానందరెడ్డి వర్గం), జనతాకు 60. అధికారిక నివేదికల్లో ఐఎన్‌సీ అని ఒట్టిగా ఉన్నవి రెడ్డి కాంగ్రెస్‌వి. ఇవాళ్టి కాంగ్రెస్ అనుకుని వాటిని కలిపేస్తే లెక్క తలకిందులవుతుంది. 1983 ఇంకా విచిత్రం. తెలుగుదేశం 1982 మార్చి 29న పుట్టింది, 1983 జనవరిలో ఎన్నికలు. అప్పటికి ఎన్నికల సంఘం గుర్తింపు లేని పార్టీ కావడంతో ఆ ఏడాది గెలిచిన తెలుగుదేశం వారు చాలా పట్టికల్లో స్వతంత్రులుగా కనిపిస్తారు. ఆ అంకెలను కళ్లు మూసుకుని దించితే 1983లో రాష్ట్రాన్ని ఇండిపెండెంట్లు గెలిచినట్టు తేలుతుంది.

ఉపఎన్నికలు మన పట్టికల్లో పూర్తిగా మాయమవుతాయి. సార్వత్రిక ఎన్నికల నివేదికలో అవి ఉండవు, ఎన్నికల సంఘం వాటిని విడిగా ఇస్తుంది. సిద్దిపేట 2001 నుంచి 2010 వరకు ఆరుసార్లు ఓటేసింది: 2001 ఉపఎన్నిక, 2004 సాధారణ ఎన్నిక, అదే ఏడాది ఉపఎన్నిక, 2008 ఉపఎన్నిక, 2009, 2010 ఉపఎన్నిక. సాధారణ పట్టికలో ఇవి రెండే వరుసలు. తెలంగాణ ఉద్యమంలో రాజీనామాలే ప్రధాన ఆయుధమైన చోట ఆ నాలుగు వరుసలు తీసేస్తే మిగిలేది చరిత్ర అనిపించుకోదు. 1985లో ఎన్టీ రామారావు హిందూపురం, గుడివాడ, నల్గొండ మూడు చోట్లా గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. నల్గొండ పట్టికలో 1985 ఎదురుగా ఆయన పేరు మాత్రమే ఉంటే, ఆ ఐదేళ్లూ నల్గొండకు ఆయనే ఎమ్మెల్యే అనుకోక తప్పదు.

ఒకే పేరు గల నియోజకవర్గాలు కూడా దెబ్బతీస్తాయి. ప్రత్తిపాడు తూర్పుగోదావరి జిల్లాలో ఒకటి, గుంటూరు జిల్లాలో ఒకటి. నర్సాపురం పశ్చిమగోదావరిది, నర్సాపూర్ మెదక్‌ది. ఇంగ్లిషులో రాస్తే రెండూ దాదాపు ఒకటే అవుతాయి. 2009కి ముందు ఆత్మకూరు నెల్లూరులోనూ కర్నూలులోనూ ఉండేది. పెనుకొండ అనంతపురంది, పెనుగొండ పశ్చిమగోదావరిది. నియోజకవర్గం సంఖ్య, జిల్లా పేరు లేకుండా పట్టికలో ఒక్క వరుస కూడా ఎక్కించకూడదు. ఆ సంఖ్య కూడా ప్రతి పునర్విభజనకూ మారుతుంది, రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ మారింది.

అంకెల దగ్గరికి వస్తే, బూత్‌లవారీ ఓట్లకు ఆధారం రిటర్నింగ్ అధికారి తయారు చేసే ఫారం 20. ప్రతి పోలింగ్ కేంద్రానికీ ఒక వరుస, ప్రతి అభ్యర్థికీ ఒక గడి, తర్వాత చెల్లిన ఓట్లు, నోటా, మొత్తం, టెండర్డ్ ఓట్లు (తమ పేరు మీద అప్పటికే ఎవరో ఓటేసి ఉంటే విడిగా వేయించేవి) ఉంటాయి. అడుగున యంత్రాల ఓట్ల మొత్తం, దాని కింద పోస్టల్ ఓట్లు, ఆ కింద అసలు మొత్తం. పోస్టల్ వరుసను వదిలేసి కూడినవాళ్ల లెక్క ప్రకటించిన ఫలితంతో కలవదు. 12 ఓట్లతో తేలిన చోట ఆ వరుస ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. చాలా ఫారాలు స్కాన్ చేసిన బొమ్మలే కాబట్టి 3, 8 తారుమారవుతాయి. అడ్డంగా కూడితే కేంద్రం మొత్తం, నిలువుగా కూడితే అభ్యర్థి మొత్తం రావాలి. ఈ రెండు కూడికలూ చేశాకే అచ్చుకు ఇవ్వాలి. అప్పటికీ ఫారం 17సీలోని (పోలింగ్ కేంద్రంలో అధికారి రాసే ఓట్ల లెక్కలోని) పోలైన ఓట్లతో తేడా వస్తే వెంటనే అక్రమం అని రాయొద్దు. మాక్ పోల్ (పోలింగ్‌కు ముందు యంత్రాన్ని పరీక్షించేందుకు వేసే) ఓట్లు తుడవకుండా పోలింగ్ మొదలుపెట్టిన కేంద్రం యంత్రాన్ని 2024 ఎన్నికల దాకా పక్కన పెట్టేవారు, మెజారిటీ దానిలోని ఓట్లకంటే ఎక్కువగా ఉంటే దాన్ని తెరిచేవారు కాదు. ముందు ఆ కారణం ఉందేమో చూడాలి. 2014లో 45వ నంబరు కేంద్రం 2024లోనూ అదే వీధి అనుకోకూడదు. కేంద్రానికి ఇంతమంది ఓటర్లే ఉండాలన్న పరిమితి మారినప్పుడల్లా నంబర్లు జరుగుతాయి. 2025లో ఆ పరిమితిని 1,500 నుంచి 1,200కు తగ్గించారు కాబట్టి వచ్చే ఎన్నికలకు మళ్లీ జరుగుతాయి. నంబరు బదులు కేంద్రం ఉన్న బడి పేరు, దాని కిందికి వచ్చే వీధుల పేర్లు పట్టుకుంటే తప్పు తగ్గుతుంది.

నోటా 2013 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వచ్చింది, మనకు సాధారణ ఎన్నికల్లో 2014 నుంచి ఉంది. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. ఆ చెల్లిన ఓట్లలో నోటాను కలపరు. ఉదాహరణకు చెల్లినవి 2,40,000 అయితే 40,000 దాటాలి, సరిగ్గా 40,000 వస్తే పోయినట్టే. నోటా 3,000 ఉంటే, దాన్నీ కలిపి భాగించినవాళ్లకు ఆ హద్దు 40,500 అవుతుంది. డిపాజిట్ దక్కినవారికి పోయిందని రాస్తారు. ఓటర్ల సంఖ్య 1985కీ 1989కీ మధ్య ఒక్కసారిగా ఎగబాకడం చూసి దొంగ ఓట్లు అనేవాళ్లున్నారు. 1989లో 61వ రాజ్యాంగ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది, దాని ప్రభావాన్ని ముందు లెక్కలోకి తీసుకోవాలి. 1952లో అభ్యర్థికొక పెట్టె ఉండేది, ఓటరు చీటీ మీద గుర్తు పెట్టేవాడు కాదు, ఇష్టమైన పెట్టెలో వేసేవాడు. కాబట్టి చెల్లని ఓట్ల శాతాన్ని 1952 నుంచి ఇప్పటిదాకా ఒకే గీతగా గ్రాఫు వేయడానికి వీల్లేదు.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఉంది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలను 225కు, తెలంగాణలో 119ని 153కు పెంచాలని చెబుతోంది. జనగణన తుది ఘట్టానికి 2027 మార్చి 1 ప్రమాణ తేదీ. దాని తర్వాత హద్దులు మళ్లీ మారే రోజు వస్తుంది. 2002 చట్టం కింద కమిషన్ ముసాయిదాను ప్రకటించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణలు జరిపింది. ఒక్కో రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు సహ సభ్యులుగా ఉన్నారు కానీ వాళ్లకు ఓటు లేదు. తుది ఉత్తర్వు వెలువడ్డాక కోర్టులో సవాలు చేసే వీలు దాదాపు లేదు. అంటే మాట్లాడాల్సిన సమయం ముసాయిదాకూ తుది ఉత్తర్వుకూ మధ్య ఉన్న కొద్ది వారాలే. ఆ వారాల్లో ‘మా ఊరు 1955 నుంచి ఫలానా నియోజకవర్గంలో ఉంది’ అని చెప్పేవాళ్ల చేతిలో పత్రిక కత్తిరింపులే ఉంటాయి. అవి తప్పులతడకలైతే అర్జీ అక్కడే వీగిపోతుంది.

కాబట్టి మీ జిల్లా డెస్కులకు కొన్ని విన్నపాలు. ప్రతి పట్టికలో 1962, 1967, 1978, 2009 వరుసల పైన అడ్డగీత గీసి, ఆ గీత మీద అప్పుడు చేరిన మండలాలు లేదా ఫిర్కాలు, పోయినవి రాయండి. రిజర్వేషన్ మారిన ఏడాది కూడా గీత పడాలి. ఉపఎన్నికలకు విడి వరుస, పొత్తుకు విడి గడి ఇవ్వండి. ద్విసభ్య స్థానాల్లో ఇద్దరి పేర్లూ వేయండి. మెజారిటీ పక్కన చెల్లిన ఓట్లలో దాని శాతం ఇవ్వండి. రద్దయిన నియోజకవర్గాల పట్టికలను అవి కలిసిన కొత్త స్థానాల కింద చిన్న అక్షరాల్లోనైనా అచ్చేయండి. మంగళగిరి పేజీలో దుగ్గిరాలకూ ఆరంగుళాల జాగా కావాలి. ముందుగా రద్దయిన స్థానాలతో మొదలుపెట్టమని ప్రత్యేకంగా కోరుతున్నాను. పాత తాలూకా, ఫిర్కా హద్దులు గుర్తున్న కరణాలు, గ్రామాధికారులు, పాత కార్యకర్తలు ఇంకా కొందరు ఉన్నారు. పుస్తకాల్లో తేలని ఊరు ఎటు ఉండేదో వాళ్లను అడిగి రాసుకోవచ్చు.

ఇట్లు,
ఎన్నికల లెక్కలు చూసే ఒక పాఠకుడు,
గుంటూరు జిల్లా